‘కావలెను’ ప్రకటన దగ్గరే మొదలయ్యే వివక్ష

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పత్రికలో వచ్చే వర్గీకృత ప్రకటనల పేజీని నేను ఇప్పటికీ పై నుంచి కింది దాకా వదలకుండా చదువుతాను. ఉద్యోగం వెతుక్కునే వయసు దాటిపోయి చాలాకాలమైంది గానీ, ఇరవై ఏడేళ్ల పాటు ప్రైవేటు సంస్థల సిబ్బంది విభాగాల్లో అలాంటి ప్రకటనలు రాసిచ్చి, వచ్చిన దరఖాస్తులను వడపోసి, కొందరిని తీసుకుని ఎందరినో తిప్పిపంపినవాణ్ణి కాబట్టి ఆ అలవాటు పోలేదు. మొన్న ఆదివారం ఒక బట్టల దుకాణం వారు ‘సేల్స్ గర్ల్స్ కావలెను, 18–25 సం., అవివాహితులకు ప్రాధాన్యం’ అని వేయించారు. దాని కిందే ఒక కార్యాలయానికి ‘అకౌంటెంట్ కావలెను, పురుషులు మాత్రమే’ అని ఉంది. పక్క వరుసలో రిసెప్షనిస్టు ఉద్యోగానికి చదువు సంగతి ఏమీ చెప్పకుండా ‘ఆకర్షణీయమైన రూపం’ ఉండాలని రాశారు. ఇవి కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నేనూ ఇలాంటివి రాసిచ్చాను, పత్రికలు అచ్చువేశాయి, చదివినవాళ్లెవరూ తప్పని అనలేదు. నియామకాల్లో వివక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం ఇంటర్వ్యూ గది నుంచి మొదలుపెడతాం. అది అంతకు చాలా ముందే, ఈ మూడు లైన్ల ప్రకటనలోనే మొదలవుతుందని నా అనుభవం. ఆ సంగతి కాస్త వివరంగా రాయాలనే ఈ ఉత్తరం. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

వివక్ష అనగానే చాలామంది మనసులో ఒక దుర్మార్గుడు మెదులుతాడు. కులం పేరెత్తి తిట్టేవాడో, ఆడవాళ్లకేం చేతనవుతుందని ఈసడించేవాడో. నేను పనిచేసిన చోట్ల అలాంటివాళ్లు తక్కువే. ఎక్కువమంది మర్యాదస్తులు, పండగకు అటెండరుకు కొత్త బట్టలు పెట్టేవాళ్లు, కింది ఉద్యోగి పిల్లవాడి కాలేజీ ఫీజుకు అడక్కుండానే డబ్బు సర్దేవాళ్లు. అలాంటి వాళ్లే దరఖాస్తుల కట్ట ముందు కూర్చున్నప్పుడు చేసే పని వేరుగా ఉండేది. ఆ తేడా వాళ్ల కంటికే ఆనేది కాదు.

ఒకసారి పన్నెండు ట్రైనీ పోస్టులకు ఆరు వందలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పటికింకా అన్నీ తపాలా కవర్లే. నేనూ మా పై అధికారీ పొడవాటి బల్లకు చెరో పక్క కూర్చుని వాటిని విప్పుతున్నాం. పిలవవలసినవి ఎడమవైపు, అక్కర్లేనివి కుడివైపు. ఒక కుర్రవాడి కాగితాలు ఆయన చేతికొచ్చాయి. డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు, ఒక చిన్న వర్క్‌షాపులో ఏడాది పనిచేసిన సర్టిఫికెట్ కూడా జతపరిచాడు. ఆయన మార్కుల జాబితా చూసి తలూపి, ఎడమవైపు పెట్టబోయి, చిరునామా మీద ఒక్క క్షణం ఆగారు. ఊరి పేరుకు పైన ‘ఎస్సీ కాలనీ’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆయన ఏమీ అనలేదు. ముఖంలో ఏ మార్పూ లేదు. చెయ్యి మాత్రం ఎడమ నుంచి కుడికి జరిగింది, తర్వాతి కవరు అందుకుంది. బల్లకు ఇవతల కూర్చున్న నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఆ కుర్రవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలిసి ఉండదు. పోటీ ఎక్కువగా ఉందనో, తన చదువు చాల్లేదనో అనుకుని ఉంటాడు. అతను ఎవరి మీద ఫిర్యాదు చేయాలి, ఏమని చేయాలి?

నియామకాల్లో వివక్షను అర్థం చేసుకోవడంలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. జీతం తక్కువిస్తే పక్క సీటువాడి జీతంతో పోల్చుకోవచ్చు. ప్రమోషన్ ఆపితే ఎవరికి ఇచ్చారో కళ్లెదుటే కనబడుతుంది. గుమ్మం బయటే ఆగిపోయినవాడికి మాత్రం లోపల ఎవరిని తీసుకున్నారో, వాళ్ల అర్హతలేమిటో, తన కాగితాలు అసలు ఎవరైనా చదివారో లేదో తెలిసే దారి లేదు. ‘మళ్లీ ఫోన్ చేస్తాం’ అన్న మాట ఒక్కటే అతని దగ్గర మిగులుతుంది. అందుకే ఒక్కొక్క మనిషి అనుభవాన్ని విడిగా తీసుకుంటే ఏదీ రుజువు కాదు. వందల దరఖాస్తులను ఒకచోట పెట్టి చూసినప్పుడే విషయం బయటపడుతుంది.

అలా చూసిన ప్రయత్నం మన దేశంలో జరిగింది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు తామే దరఖాస్తులు తయారుచేసి పంపారు. 548 ప్రకటనలకు మొత్తం 4,808 దరఖాస్తులు వెళ్లాయి. చదువు, అనుభవం సమానం, మారినదల్లా పేరు. ఒకటి అగ్రవర్ణ హిందువుదని తెలిసే పేరు, ఒకటి దళితుడిదని తెలిసే పేరు, ఒకటి ముస్లిం పేరు. సానుకూలమైన జవాబు వచ్చే అవకాశాల నిష్పత్తిని అగ్రవర్ణ పేరుకు ఒకటిగా తీసుకుంటే దళిత పేరుకు అది 0.67, ముస్లిం పేరుకు 0.33 మాత్రమే అని తేలింది. ఈ ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. అప్పటికి నేను ఉద్యోగంలోనే ఉన్నాను. ఆ వ్యాసం జిరాక్సు ఎవరో తెచ్చి ఇస్తే మధ్యాహ్న భోజన విరామంలో చదివాను. చదువుతున్నంతసేపూ ఎడమ నుంచి కుడికి జరిగిన ఆ చెయ్యే గుర్తొచ్చింది.

అన్ని చోట్లా ఇదే కథ అని చెబితే అది కూడా సత్యం కాదు. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో అభిజిత్ బెనర్జీ, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు ఢిల్లీ చుట్టుపక్కల ఇదే పద్ధతిలో పరిశీలించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా వారికి కనబడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం అగ్రవర్ణ పేర్లకూ వెనుకబడిన తరగతుల పేర్లకూ మధ్య తేడా స్పష్టంగా వచ్చింది. ఈ రెండో ఫలితం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఫలానా ప్రోగ్రామింగ్ భాష వచ్చా రాదా అన్నది తేల్చుకోవడానికి కొలమానం ఉంది కాబట్టి అక్కడ పేరుకు పెద్దగా పని ఉండదు. మాటతీరు, నడవడిక, ‘పాలిష్’ అనే కొలతకందని వాటిని చూడవలసి వచ్చినప్పుడు ఎంపిక చేసేవాడు తనకు తెలియకుండానే పేరును కొలబద్దగా వాడుకుంటాడు. నా అనుభవం కూడా దీన్నే చెబుతుంది.

మా ఇంటర్వ్యూ పత్రంలో అయిదు గడులు ఉండేవి. మొదటి నాలుగూ చదువు, అనుభవం, పని తెలివి, భాష. అయిదోది ‘వ్యక్తిత్వం, కుటుంబ నేపథ్యం’, దానికి ఇరవై మార్కులు. ఒక రోజు వరుసగా వచ్చిన ఇద్దరు అభ్యర్థులకు మొదటి నాలుగు గడుల్లో నేనే దాదాపు సమానంగా వేశాను. ఒకరి తండ్రి బ్యాంకు ఉద్యోగి, రెండో అతని తండ్రి వ్యవసాయ కూలీ. అయిదో గడిలో మొదటి అతనికి పదహారు, రెండో అతనికి తొమ్మిది వేశాను. ఎందుకని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అని చెప్పి ఉండేవాణ్ణి, నిజంగా అలాగే నమ్మాను కూడా. కుర్చీ అంచున కూర్చుని, ప్రతి జవాబుకూ ముందు ‘సార్’ అని, చేతి రుమాలును పిండుతూ ఉన్న ఆ అబ్బాయి రూపం ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఏసీ గదిలో నలుగురు పెద్దమనుషుల ఎదుట కుర్చీలో కూర్చోవడం అతనికి బహుశా జీవితంలో అదే మొదటిసారి. నేను మార్కులు వేసింది అతని పనితనానికి కాదని, అంతవరకు అతనికి దొరకని అలవాటుకని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే పరిశోధకులు అదే 2007లో పెద్ద కంపెనీల నియామక అధికారులతో మాట్లాడి రాసిన వ్యాసంలో, ప్రతిభ ఒక్కటే ప్రమాణమని చెప్పిన ఆ అధికారులే కుటుంబ నేపథ్యం అడగడాన్ని మాత్రం తప్పనిసరిగా భావించారని చూపించారు. నాలాంటి వాళ్ల గురించే రాశారని అనిపించింది.

మన తెలుగువాళ్ల విషయంలో ఇది మరీ సులువు. ఇంటిపేరు, పేరు చివరి తోక, ఊరు, తండ్రి వృత్తి అనే నాలుగింటిలో రెండు తెలిస్తే అనుభవమున్నవాడు కులాన్నీ ప్రాంతాన్నీ అంచనా కట్టేస్తాడు. తెలియకపోతే ‘మీ స్వగ్రామం ఎక్కడ?’, ‘ఆ ఊళ్లో ఫలానావారు మీకేమవుతారు?’ అనే కుశల ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. అభ్యర్థి బెరుకు పోగొట్టడానికే అడుగుతున్నామని మేమంతా అనుకునేవాళ్లం. ఎవరి బెరుకు పోయిందో, ఎవరిది పెరిగిందో చూసుకోలేదు. ఇక ‘తెలిసినవాళ్ల పిల్లవాడు’ అనే దారి ఒకటుంది. ఖాళీ ఉందన్న సంగతే ప్రకటనగా రాకుండా మనవాళ్ల మధ్య ఫోన్ల మీద, ఇప్పుడైతే వాట్సాప్ గ్రూపుల్లో, నిండిపోతుంది. చేసినవాడు సాయం చేశానని తృప్తిపడతాడు. ఆ గ్రూపులో లేనివాడికి అలాంటి ఉద్యోగం ఒకటి ఉందనే తెలియదు.

ఇక ఆడపిల్లల విషయం. మా బంధువుల అమ్మాయి, పెళ్లయి అయిదు నెలలైంది, ఒక ప్రైవేటు సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్తుంటే నేను తోడు వెళ్లాను. ఆటో దిగాక గేటుకు కొంచెం ఇవతల, వేపచెట్టు కింద ఆగి, చెప్పులు విడిచి, కాలి మెట్టెలు తీసి రుమాలులో చుట్టి పర్సులో పెట్టుకుంది. మంగళసూత్రం చున్నీ లోపలికి సర్దుకుంది. ‘స్నేహితురాళ్లు చెప్పారు మామయ్యా, పెళ్లయిందని తెలిస్తే పిలవరట’ అంది. వేళ్ల మీద మెట్టెలున్న మేర తెల్లటి గుర్తు అలాగే ఉంది. లోపల ఆమెను అడిగిన మొదటి ప్రశ్న పెళ్లయిందా అని, రెండోది పిల్లల సంగతి ఏమనుకుంటున్నారని. ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. తిరుగు ప్రయాణంలో ఆటోలో కూర్చుని మెట్టెలు మళ్లీ పెట్టుకుంటున్నప్పుడు మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. వాళ్లు ఆమె చదివిన ఎంకాం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇది ఒక ఇంటి సంగతి కాదు. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ల కర్మాగారం గురించి ఒక పరిశోధనాత్మక కథనం ప్రచురించింది. 2023 మార్చిలో ఇంటర్వ్యూకు వెళ్లిన ఇద్దరు అక్కాచెల్లెళ్లను గేటు దగ్గరే పెళ్లయిందా అని అడిగి వెనక్కి పంపేశారని, పెళ్లయిన స్త్రీలను అసెంబ్లీ పనులకు తీసుకోకుండా ఒక పద్ధతిగా పక్కన పెట్టారని అందులో ఉంది. కంపెనీ అది నిజం కాదంది. కొత్తగా తీసుకున్నవారిలో 25 శాతం వివాహితులేనని ప్రభుత్వానికి చెప్పుకుంది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక కోరుతూ 1976 సమాన వేతన చట్టంలోని 5వ సెక్షన్‌ను గుర్తుచేసింది. జీతాల చట్టంగానే అందరూ అనుకునే ఆ చట్టం, నియామకాల్లో స్త్రీల పట్ల వివక్ష చూపకూడదని కూడా చెబుతుందని అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, కార్మికులను సమకూర్చే ఏజెంట్లు తమ ప్రకటనల్లో వయసు, లింగం, పెళ్లి ప్రస్తావన తీసేయవలసి వచ్చిందని వార్త వచ్చింది. అంటే ఆ ప్రకటనలు అంతవరకూ గోడల మీద, ఫోన్లలో బహిరంగంగానే తిరిగాయన్నమాట. ఇదే సంస్థకు చెందిన కర్మాగారాలు మన శ్రీసిటీలోనూ, రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లోనూ ఉన్నాయి. వాటి మీద నేను ఏ ఆరోపణా చేయడం లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లవారుజామున బస్సులెక్కి ఇలాంటి కర్మాగారాలకు వెళ్లే వేలాది ఆడపిల్లల కోసం మన రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు నియామక ప్రకటనలనూ, గేటు దగ్గర అడిగే ప్రశ్నలనూ ముందుగానే చూసుకోవాలని మాత్రం అంటున్నాను.

పెళ్లయినవాళ్లు వద్దనడానికి యజమానులు చెప్పే కారణం నాకు బాగా తెలుసు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది, ఆ జీతం యజమానే భరించాలి, ఎలా తట్టుకుంటామంటారు. ఈ బాధలో కొంత నిజముంది. ఆ ఖర్చును సమాజమంతా పంచుకోకుండా యజమాని ఒక్కడి నెత్తిన పెట్టడం సరైన పద్ధతి కాదని నేనూ అంటాను. కానీ బట్టల దుకాణపు సేల్స్ గర్ల్ విషయంలో ఈ వాదన నిలవదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న ఉద్యోగి ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా పథకం పరిధిలోకి వస్తే ఆ 26 వారాల ప్రసూతి భృతిని చెల్లించేది ఈఎస్ఐ కార్పొరేషనే. యజమాని కట్టేది నెలనెలా జీతంలో 3.25 శాతం చందా. ఆమె పెళ్లయినా కాకపోయినా, ఆ స్థానంలో మగవాడున్నా ఆ చందాలో తేడా లేదు. ఈ లెక్క తెలిసి కూడా ‘అవివాహితులకు ప్రాధాన్యం’ అని రాయిస్తున్నారంటే ఖర్చు అసలు కారణం కాదని నేను నమ్ముతున్నాను. ఆలస్యమైనా ఇంటికి పోతానని అనని, ఎదురు మాట్లాడని, రెండేళ్లకు మానేస్తే జీతం పెంచే పని ఉండని మనిషి కావాలని వాళ్ల కోరిక.

ప్రభుత్వ రంగం ఇందుకు మినహాయింపేమీ కాదు. జీవిత బీమా సంస్థ ఒకప్పుడు ఉద్యోగంలో చేరే స్త్రీలకు ఇచ్చే ఫారంలో నెలసరి తేదీలు, గర్భాల వివరాలు అడిగేది. ప్రసూతి సెలవు తర్వాత, ఫారంలో తప్పు సమాచారం ఇచ్చిందంటూ తొలగించిన ఒక ఉద్యోగిని సుప్రీంకోర్టుకు వెళ్తే, 1991లో న్యాయస్థానం ఆమెను తిరిగి తీసుకోమని ఆదేశించి, ఆ గడులు ఫారంలోంచి తీసేయమంది. ముప్ఫై ఏళ్లు దాటింది. ఫారం మీద నుంచి పోయిన ప్రశ్న నోటి మీదికి వచ్చింది, అంతే.

ఎవరినీ పేరుపెట్టి కాదనకుండానే కాదనగలిగే నియమాలు కూడా ఉన్నాయి. మన ఇంజనీరింగ్ కాలేజీలకు వచ్చే కంపెనీలు చాలాచోట్ల పెట్టే నిబంధన చూడండి: పదో తరగతి, ఇంటర్, బీటెక్ అన్నింటిలో 60 శాతం ఉండాలి, మధ్యలో ఏ సంవత్సరమూ ఖాళీ ఉండకూడదు. అందరికీ ఒకటే నియమం, చూడటానికి న్యాయంగానే ఉంటుంది. లెక్కల మాస్టారు పోస్టు ఏడాదంతా ఖాళీగా ఉన్న ఊరి బడిలో పదో తరగతి 57 శాతంతో పాసై, తర్వాత కష్టపడి బీటెక్‌లో 80 తెచ్చుకున్న అమ్మాయి ఆ నియమంతో గేటు దాటలేదు. నాన్న మంచం పడితే ఒక ఏడాది చదువు ఆపి కూలికెళ్లిన కుర్రవాడూ దాటలేడు. పదిహేనేళ్ల వయసులో వచ్చిన మార్కులకూ, ఇరవై రెండేళ్లప్పుడు చేయబోయే పనికీ ఏం సంబంధమో ఆ కంపెనీ చెప్పగలగాలి కదా. ఈ ప్రశ్ననే అమెరికా సుప్రీంకోర్టు 1971లో డ్యూక్ పవర్ కేసులో వేసింది. నార్త్ కరోలినాలోని ఆ విద్యుత్ సంస్థ హైస్కూలు డిప్లొమా, రెండు రాత పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ పనికి వాటి అవసరం ఉందని చూపలేకపోయింది, వాటివల్ల నల్లజాతివారు ఎక్కువగా ఆగిపోయారు. ఉద్దేశం ఏదైనా, పనితో సంబంధం లేని అడ్డంకి చెల్లదని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. మన సుప్రీంకోర్టు కూడా 2021 మార్చిలో సైన్యంలోని మహిళా అధికారుల శాశ్వత కమిషన్ కేసులో ఈ పరోక్ష వివక్ష భావనను గుర్తించింది. ఆ తీర్పును మన కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులు ఒక్కసారి చదివితే బాగుంటుంది.

ఇప్పుడు వడపోత పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తున్నారు, యంత్రానికి కులమూ లింగమూ తెలియవు కదా అని కొందరు మిత్రులు నాతో అన్నారు. అమెజాన్ అలాంటి ఒక వ్యవస్థను తయారుచేసుకుని, అది స్త్రీల దరఖాస్తులను కిందికి నెడుతోందని గ్రహించి వదిలేసిందని 2018 అక్టోబరులో రాయిటర్స్ రాసింది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులను చూపి దానికి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే కావడంతో, దరఖాస్తులో ‘మహిళల’ అన్న మాట కనబడితేనే అది మార్కు తగ్గించడం నేర్చుకుంది. ఎడమ నుంచి కుడికి జరిగిన చేతుల లెక్కలన్నీ చూపి నేర్పితే యంత్రం నేర్చుకునేదీ అదే.

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యాంగం 16వ అధికరణం హామీ ఇచ్చే సమానావకాశం ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటు నియామకాల విషయంలో స్త్రీలకు 1976 చట్టం ఉండేది, దాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. వికలాంగులకు 2016 చట్టం, హెచ్ఐవీ ఉన్నవారికి 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టం ఉన్నాయి. అంటరానితనం పేరిట ఉద్యోగం చేసుకోనివ్వకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం నేరమే. అయితే ఆ మాట నోటితో అన్నవాడి మీదే అది పనిచేస్తుంది, మారు మాట్లాడకుండా కవరు పక్కకు నెట్టినవాణ్ణి పట్టుకోలేదు. కులం, మతం, ప్రాంతం, పెళ్లి అన్నింటినీ కలిపి ప్రైవేటు నియామకాలకు వర్తించే సమగ్ర చట్టం మనకు లేదు. ఉద్యోగాల్లో వివక్షకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒడంబడికను మన దేశం 1960లోనే ఆమోదించింది. ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ 2006లో సమానావకాశాల కమిషన్ కావాలంది, మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దాని రూపురేఖలు కూడా రాసిచ్చింది. ఆ కమిషన్ ఏర్పడలేదు. శశి థరూర్ వివక్ష నిరోధక బిల్లు ఒకటి 2017లో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. సభ్యుల సొంత బిల్లుల్లో చాలావాటిలాగే అదీ చట్టం కాకుండానే పోయింది.

‘నా డబ్బు, నా దుకాణం, నాకు నచ్చినవాణ్ణి పెట్టుకుంటాను’ అనే యజమానులు ఉంటారు. పనికి తగినవాణ్ణి ఎంచుకునే హక్కు వారికి తప్పకుండా ఉండాలి. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఒక తప్పు ఎంపిక సంస్థను ఎంత ఇబ్బంది పెడుతుందో తెలుసు. నేనడిగేది ఒక్కటే: ఎవరు దరఖాస్తు చేశారో, ఎవరిని పిలిచారో, ఎవరిని ఎందుకు తీసుకున్నారో కాగితం మీద పెట్టి కనీసం ఒక ఏడాది భద్రపరచమని. అమెరికాలో నిర్ణీత పరిమాణం గల యజమానులకు ఈ నియమం ఎప్పటినుంచో ఉంది. కారణం రాయవలసి వస్తే చెయ్యి కొంచెం ఆగుతుంది. ఆ రోజు బల్ల దగ్గర మా పై అధికారి ముందు ‘పిలవకపోవడానికి కారణం’ అని ఒక గడి ఉండి ఉంటే, అందులో ఏం రాసేవారా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. నా అయిదో గడిలో పదహారుకూ తొమ్మిదికీ మధ్య తేడాకు నేనేం రాసేవాణ్ణో కూడా.

ఇది ప్రభుత్వాలు చేయవలసిన పని, దానికి సమయం పడుతుంది. మీ పత్రిక చేయగలిగినది వచ్చే ఆదివారమే చేయవచ్చు. అమెరికాలో పత్రికలు ఒకప్పుడు ‘మగవారికి ఉద్యోగాలు’, ‘ఆడవారికి ఉద్యోగాలు’ అని వేర్వేరు శీర్షికల కింద ప్రకటనలు వేసేవి. పిట్స్‌బర్గ్ ప్రెస్ అనే పత్రిక, అది తమ పత్రికా స్వేచ్ఛ అంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1973లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన తీర్పులో ఆ పత్రిక ఓడిపోయింది. వివక్షతో కూడిన ఉద్యోగ ప్రకటనకు రాజ్యాంగ రక్షణ లేదని ఆ తీర్పు సారాంశం. మీకు అంత దూరం అక్కర్లేదు. మీ ప్రకటనల విభాగంలో కూర్చునేవారు ‘అవివాహితులు’, ‘పురుషులు మాత్రమే’, ‘ఆకర్షణీయమైన రూపం’ అన్న మాటలు కనబడినప్పుడు ప్రకటనదారుకు ఫోన్ చేసి, ఈ పనికి ఇది ఎందుకు అవసరమండీ అని ఒక ప్రశ్న అడిగితే చాలు. అడిగితే చాలామంది తీసేయడానికి ఒప్పుకుంటారు. అలవాటుగా రాయించినవే ఎక్కువ. నిజంగా కారణమున్న ప్రకటనలు కొన్ని ఉంటాయి, ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా స్త్రీలే కావాలనడం లాంటివి, అవి అలాగే ఉండవచ్చు.

ఆ బట్టల దుకాణం వారి ప్రకటనను నేను ఇలా రాసిస్తాను: ‘బట్టల షోరూములో అమ్మకాలకు మనుషులు కావలెను. పదో తరగతి పాసై, తెలుగు చదవడం రాయడం, బిల్లు లెక్కలు వచ్చి ఉండవలెను. రోజుకు ఎనిమిది గంటల పని, కూర్చోవడానికి స్టూలు ఉంటుంది. ఈఎస్ఐ, పీఎఫ్ కలవు. స్త్రీ పురుషులు ఎవరైనా రావచ్చు.’ పాత ప్రకటన కంటే రెండు లైన్లు పెరిగింది. ఆ రెండు లైన్ల ఖర్చు ప్రకటనదారు మీద పడకుండా మీరు చూడగలిగితే సంతోషం. మాటలు మార్చి రాసే పనికి మనిషి కావాలంటే, ప్రకటనలు తీసుకునే గురు, శుక్రవారాల్లో మీ కార్యాలయానికి వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ప్రతిఫలం అక్కర్లేదు.

భవదీయుడు,
విశ్రాంత సిబ్బంది విభాగాధికారి,
విజయవాడ